గుల్జార్ బీ చింతతోపు

“నువ్వు లోపలికి రా డాక్టరమ్మా. వాడు మాత్రం నా గడప తొక్కకూడదు. ఎండలోనే మాడి సావనీ!”

గుల్జార్ బీ గొంతు వీధి కొసదాకా వినిపించింది. ఎదురంగడిలో పరుపులు కుట్టుకుంటున్న సుభాన్ సూది ఆపి చూశాడు. ఆమె అల్లుడు అబ్దుల్ గఫార్ కిక్కురుమనకుండా గోడవారగా జరిగి నిలబడ్డాడు.

బాగా అయింది అనుకుంది డాక్టర్ పరంజ్యోతి. ఆసుపత్రి నుంచి ఇంత దూరం కలిసి నడిచినా అతనితో ఒక్క మాట మాట్లాడలేదామె. ఆ మొహం చూస్తేనే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

పుంగనూరు పొలిమేరలో ఉన్న మిషన్ ఆసుపత్రికి మొదటి ఆడ డాక్టరు ఆమె. మదనపల్లె నుంచి వచ్చి ఏడాది కాలేదు. ఒకప్పుడు ఆ ఆసుపత్రి ఉత్త రేకుల కొట్టం. పెద్ద డాక్టరు బర్నబాస్ అందులోనే క్వినైను ఇచ్చేవాడు, అందులోనే పళ్ళు పీకేవాడు. యుద్ధం నడిచినన్నాళ్ళూ రాయి మీద రాయి పేర్చి ఒక వార్డు లేపారు. పడకలన్నీ మగవాళ్ళకే సరిపోయాయి. ఆడవాళ్ళు వరండాలో, ఎవరో అడ్డం పట్టుకున్న చీరల చాటున కనాల్సిందే. సిగ్గు చంపుకుని కనేవాళ్ళు కొందరు, సిగ్గుతో చచ్చేవాళ్ళు కొందరు. ఇక గోషా ఆడవాళ్ళయితే ఆ వైపే రారు.

ఆడవాళ్ళకు వేరే వార్డు కట్టాలంటే పక్కనున్న చింతతోపు కావాలి. అది గుల్జార్ బీది. వార్డు కోసం కాళ్ళరిగేలా తిరుగుతున్నది గఫారే. గుర్రంకొండ నుంచి రాళ్ళు తోలించాడు. కుప్పం దాకా పోయి కలప తెచ్చాడు. జాగా అడగడానికి మాత్రం డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చాడు.

“తోపు సంగతే గదా? తెలుసు లేమ్మా” అంది గుల్జార్ బీ. “వాడు యాల తిరగతాండాడో కూడా తెలుసు. నా బిడ్డను మట్టిలో కలిపి, ఇప్పుడు పుణ్యం మూటగట్టుకోను బయల్దేరినాడు.”

ఆ కథ పరంజ్యోతికి తెలుసు. గఫార్ పెళ్ళాం జైనాబ్ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలై రెండు పగళ్ళు గడిచినా బిడ్డ కదల్లేదు. మంత్రసాని చేతులెత్తేసి వెళ్ళిపోయింది. బర్నబాస్ పరుగున వస్తే, పరాయి మగవాడు ముట్టుకోకూడదని ఆయన్ని గుమ్మం బయటే ఆపేశారు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. వీధి వీధంతా ఆవేళ దర్గా ఉరుసుకు పోయింది. చూసినవాళ్ళు లేరు గానీ, చెప్పేవాళ్ళకు కొదవ లేదు. మొగుడి పరువే పెళ్ళాం ప్రాణం తీసిందని ఊరు తీర్పు చెప్పేసింది. గఫార్ ఏనాడూ నోరు విప్పలేదు.

“మొన్న నిమ్మనపల్లె నుంచి పూలమ్మ అనే పిల్ల కాన్పుకు వచ్చింది” అంది పరంజ్యోతి. “మగవాళ్ళను చూసి బండి దిగనే లేదు. నేను పరుగెత్తి పోయేలోపే ఆ బండిలోనే ప్రాణం పోయింది. ఇంకా ఎందరు పోవాలమ్మా?”

గుల్జార్ బీ గడప దాకా వచ్చింది. బయటికి వినపడేలా అరిచింది.

“ఇస్తా! ఆడకూతుళ్ళ కోసం ఇస్తా. వార్డుకు నా జైనాబ్ పేరు పెట్టండి. వాడి పేరు ఏ రాయి మీదా ఉండకూడదు. వాడు వార్డు గేటు దాటి లోపలికి రాకూడదు. వస్తే నా తోపు నాకు ఇడిసిపెట్టండి!”

పరంజ్యోతి సంతోషంగా ఒప్పుకుంది. బయటికొచ్చి ఆ షరతులన్నీ గఫార్‌కు తానే స్వయంగా వినిపించింది.

“ఇస్తా అనింది గదా డాక్టరమ్మా? సాలు” అన్నాడతను. “మనసు మారకముందే రాయించుకోండి.”

ఆ నెమ్మది చూసి ఆమె కోపం కట్టలు తెంచుకుంది.

“ఈ మంచితనం ఆ రోజు యాడ పెట్టినావప్పా? డాక్టరు గుమ్మం ముందు నిలబడి ఉంటే, లోపల పెళ్ళాం అరుపులు వినపడలేదా నీకు?”

“వినపడినాయమ్మా” అన్నాడు గఫార్. అంతే. తలవంచుకుని ఎండలో వెళ్ళిపోయాడు.

ఆసుపత్రికి వచ్చినా పరంజ్యోతి కోపం దిగలేదు. సూదులు మరగబెడుతున్న బర్నబాస్‌కు జరిగిందంతా చెప్పింది.

“తగిన శాస్తి జరిగింది సార్. వాడు కట్టిన వార్డులో వాడే అడుగు పెట్టలేడు. నేనైతే ఊళ్ళోనే ఉండనిచ్చేదాన్ని కాదు.”

బర్నబాస్ చేతిలోని పట్టకారు పక్కన పెట్టేశాడు.

“ఎవరికీ చెప్పొద్దని గఫారు నా దగ్గర మాట తీసుకున్నాడు. ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నా. నువ్వు కూడా అతన్ని తిడతాంటే ఇంక నావల్ల కాదమ్మా.”

“ఏం సార్?”

“ఆ పొద్దు నన్ను చెయ్యిపట్టి లాక్కుపోయి, ‘తలుపు తియ్యమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా’ అని తల బాదుకున్నోడు గఫారు. గడియ తియ్యకుండా, ‘పరాయి మగోడు నా బిడ్డను ముట్టేదానికి లేదు’ అని లోపలి నుంచి అరిసింది గుల్జార్ బీ.”