నీలం తిరిగే నీళ్ళు

నీళ్ళు మళ్ళీ నీలం తిరిగాయి.

జువేరియా ఆ గాజు బుడ్డిని వెలుతురుకెత్తి చూసి, ఉసూరుమంటూ దించేసింది. తొట్టి నీళ్ళు కాసిని పట్టి, ఫాస్ఫేటు అనే లవణం ఎంతుందో చెప్పే మందుచుక్కలు వేసిందందులో. తేటగా ఉంటే పగడాలకి ఆయుష్షు. నీలం చిక్కబడితే నాచు కమ్మేస్తుంది, పగడం ఎముక కట్టదు, మెల్లిగా తెల్లబడి చచ్చిపోతుంది. షిమోనీ రేవులో రంగుచేపల్ని పైదేశాలకి పంపే గోడౌన్‌లో ఆమె పనే తొట్లని కనిపెట్టుకుని ఉండటం. అక్కడివన్నీ దారికొచ్చాయి. ఇంట్లో ఉన్న ఈ మూరెడు తొట్టే మాట వినట్లేదు.

అది తండ్రి మకామె పెంచిన తొట్టి. దక్షిణాన్నుంచి వీచే కూసి గాలికి విరిగి ఒడ్డుకి కొట్టుకొచ్చిన పగడపు ముక్కల్ని ఏరితెచ్చి, బిడ్డల్లా సాకాడు. గుక్కపట్టి మునిగాడంటే పైన పడవలో వాళ్ళకి గుండె జారేదట, అంతసేపు ఉండేవాడు నీళ్ళడుగున. అలాంటి మనిషిని పక్షవాతం మంచాన పడేసింది. కుడిపక్క మొత్తం పోయింది. మాట ముద్దగా వస్తుంది. తిండి తెస్తే తల అటు తిప్పేసేవాడు. డాక్టరు పెదవి విరిచాడు. తింటే ఉంటాడమ్మా, తినకపోతే లేదన్నాడు.

అప్పుడు తోచింది జువేరియాకి. మంచాన్ని ముందుగదిలోకి మార్పించి, ఎడంచేతి వైపు తొట్టి ఉండేట్టు వేయించింది. అదేం మహత్యమో, ఆ రోజునుంచి గిన్నె ఖాళీ అయి వచ్చేది. చేపని ఉడికించి, ముల్లు తీసి, మెత్తగా చిదిమి, కాస్త నిమ్మరసం పిండి పెట్టేది. "నువ్వు చూస్తుంటే మింగుడు పడదే. సొంగ కారుతుంది. పో అవతలికి," అనేవాడు. కూతురిచేత మూతి తుడిపించుకోవడమంటే ఆ మనిషికి చావుతో సమానం. ఆమె తలుపు చేరవేసి వెళ్ళిపోయేది.

తింటున్నా మనిషి పుల్లలా అయిపోతున్నాడు. తింటేనే ఇలా ఉంటే, తినకపోతే ఏమైపోయేవాడో అనుకునేది. తొట్టి ఉన్నన్నాళ్ళే నాన్న ఉంటాడని ఆమె మనసులో నాటుకుపోయింది. ఇప్పుడా తొట్టికే గండం.

చేయనిది లేదు. మిగిలిన మేత కుళ్ళినా ఫాస్ఫేటు పెరుగుతుందని చేపలకి మేత సగం చేసింది, ఆనక మానేసింది. నాచు తినో ఏమో, అవి బాగానే బతికాయి. ఫాస్ఫేటుని పీల్చేసే ఇనప తుప్పు గుళికల్ని పాత మేజోడులో మూటకట్టి నీళ్ళు పారేచోట వేలాడదీసింది. ఒడ్డున నీళ్ళు మంచివి కావని, పడవలో పగడపు దిబ్బ దాటి వెళ్ళి లోతునీళ్ళు డబ్బాలకెత్తి తెచ్చింది. బుడ్డిలో నీలం మాత్రం రోజురోజుకీ చిక్కబడింది.

ఇక అనుమానం వదిన కిబిబి మీదికి పోయింది. అన్న ఓడ మీద పనికి పోతే, పసిదాన్ని పెట్టుకుని ఈ ఇంట్లోనే ఉంటోంది. తొట్టి పంపు మోత వల్ల పిల్ల నిద్రపోవట్లేదని, కరెంటంతా అదే తాగేస్తోందని రోజూ సాధిస్తుంది. ఈ ఇంట్లో మామయ్యకన్నా చేపలకే సేవ ఎక్కువని పక్కింటివాళ్ళతో కూడా అంది.

"బట్టలు ఉతికిన సబ్బునీళ్ళు తొట్లో పోస్తున్నావు కదూ వదినా?" అని అడిగేసింది జువేరియా.

"బావినుంచి మోసుకొచ్చేది నేను. నీ చేపలకి పోసేన్ని నీళ్ళు నా దగ్గరెక్కడివి?"

"పగలంతా ఇంట్లో ఉండేది నువ్వేగా."

కిబిబి పిల్ల నెత్తిమీద చెయ్యిపెట్టి ఒట్టేసింది. జువేరియా నమ్మలేదు. మాట మీద మాట పెరిగింది. మకామె ఎడంచెయ్యెత్తి ఏదో అనబోయాడు. "నువ్వూరుకో నాన్నా, నీకెందుకీ గొడవ," అంది. ఎత్తిన చెయ్యి దించేశాడు. కిబిబి పిల్లని వీపున కట్టుకుని, వాంగాలో పుట్టింటికి వెళ్ళిపోయింది.

నీలం తగ్గలేదు.

అయితే వదిన కాదన్నమాట. మరింకెవరు? రోగిని చూడ్డానికి ఊరంతా వస్తారు. వాళ్ళ వెంట పిల్లలొస్తారు, చేతిలో నూనెలో వేయించిన మందాజీ రొట్టె ముక్కలతో. చేపలు నోరు తెరిస్తే వాళ్ళ చేతులూరుకుంటాయా? ఇదే సంగతి అనుకుంది. ఇద్దరు మనుషుల్ని సాయం పిలిచి, తొట్టిని లోపలి గదిలోకి మార్పించి గొళ్ళెం పెట్టింది.

మకామె ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఒంట్లో ఇంకా అంత పట్టుందని ఆమెకి తెలీదు.

"తియ్యకే. ఇక్కడే ఉండనీ."

"కొన్నాళ్ళే నాన్నా. నీళ్ళు తేరుకోగానే మళ్ళీ నీ పక్కనే పెట్టిస్తాగా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ పూట గిన్నె ఇచ్చి, తలుపు చేరవేసి అవతలే నిలబడింది. తొట్టి కళ్ళెదుట లేకపోతే ఇక ముట్టడేమోనని. కాసేపాగి తలుపు తీస్తే గిన్నె ఖాళీ. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మా నాన్న గట్టివాడు అనుకుని గిన్నె గుండెకి హత్తుకుంది.

నీలం పలచబడుతూ వచ్చింది. ఒక పొద్దున బుడ్డిలో నీళ్ళు వానచినుకులా తేటగా నిలిచాయి. వాడిపోయిన పగడాలు మళ్ళీ వేళ్ళు చాపాయి. వాంగా వెళ్ళి వదిన కాళ్ళయినా పట్టుకుని తీసుకురావాలి, ముందు నాన్నకి చూపించాలి అనుకుంటూ, బుడ్డి పట్టుకుని ముందుగదిలోకి ఉరికింది.

మకామె మగతలో ఉన్నాడు. మంచం కోడు మీదుగా చీమలు బారులు తీరి పైకి పోతున్నాయి. కదల్లేని మనిషిని కుడతాయేమోనని, ఆమె వంగి పరుపు అంచు పైకెత్తింది.

మొన్నటిదాకా తొట్టి ఉన్న వైపు, పరుపు కింద, తను ముల్లు తీసి చిదిమి పెట్టిన చేప, ఏ పూట ముద్ద ఆ పూటదిగా అతుక్కుని ఎండిపోయి ఉంది.