ధనిష్ఠ వచ్చేలోగా

పంచాంగంలో వేలు పెట్టుకుని మరీ వచ్చింది బాలనాగమ్మ. అశోక్‌నగర్‌లో ఆ ఇంటికి ఓనరమ్మ ఆవిడే. గడప బయటే నిలబడి, గదిలో చాప మీద పడి మూలుగుతున్న కురుమయ్యను ఒకసారి చూసింది. ఆయన కొడుకు రాఘవేందర్‌ను పక్కకు పిలిచింది.

"సాయంత్రం ఆరూ ఇరవైకి ధనిష్ఠ వస్తది బిడ్డా. ఇగ ఐదు దినాలు మంచియి కావు. ఆ నక్షత్రంల ఇంట్ల పానం పోతే ఆర్నెల్లు తాళం ఏసి పోవాలె. పిల్లాజెల్లతోని మేమంత యాడికి పోతం? ఆరులోపట ఖాళీ చెయ్యి."

దవాఖానాలో సోమవారానికి గానీ మంచం ఖాళీ కాదన్నారని, ఊరికి తీసుకుపోదామంటే బస్సు కుదుపులకే ప్రాణం పోతుందని రాఘవేందర్ బతిమాలాడు. ఇవాళ గురువారం. నాలుగు రోజులు నీడ దొరికితే చాలు, తండ్రి బతుకుతాడని అతని ఆశ.

బాలనాగమ్మ రాక్షసి అనుకునేరు. కాదు. పొద్దున ఆ ముసలాయనకు గంజి కాచి పోసింది ఆవిడే. కానీ ధనిష్ఠ పేరు చెబితే ఎంతటి ధర్మాత్ములకైనా కాళ్ళు వణుకుతాయి. నువ్వు వచ్చేదాకా మీ నాయనను నేను చూసుకుంటాలే, పో, వేరే గది చూసుకో అని తరిమింది.

రాఘవేందర్ గ్రూప్ టూ పుస్తకాలు అలాగే పడేసి చెప్పులేసుకున్నాడు. చిక్కడపల్లిలో టూలెట్ బోర్డులకేం కొదవ? గేటుకొకటి వేలాడుతుంది. లైబ్రరీ వెనక సందులో మొదటి గది బాగానే ఉంది గానీ రెండో అంతస్తు మీద ఉంది. పైకి పోవడానికి ఇనుప మెట్లు, అవీ మేక కూడా జారేటట్టున్నాయి. తండ్రిని భుజాన వేసుకుని ఎక్కడం మాట అటుంచి, ఖాళీ బకెట్టుతో ఎక్కడమే కష్టం. వద్దనుకున్నాడు.

రెండో ఇల్లు దుర్గమ్మ అనే ఆవిడది. కులం అడిగింది, ఊరడిగింది, నీచు వండుతావా అని అడిగింది. అన్నిటికీ తల వంచి జవాబు చెప్పాడు. ఎంతమంది ఉంటారని అడిగినప్పుడు మాత్రం నోరు జారి, మా నాయనకు పానం బాగలేదు అనేశాడు. ఆవిడ గేటు దగ్గరికి పోయి బోర్డు విప్పి చంకలో పెట్టుకుని లోపలికి పోయింది.

లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర ఇంకో గది చూశాడు. గడపలోనే మురికినీళ్ళు నిలిచి ఉన్నాయి. దగ్గే మనిషిని అందులో పడుకోబెడితే సోమవారం దాకా ఎందుకు, తెల్లారేదాకా కూడా ఆగడు. ఏడుపు వచ్చింది. చొక్కాతో మొహం తుడుచుకుని నారాయణగూడ వైపు నడిచాడు. అప్పటికే ఐదున్నర.

అక్కడ తిమ్మప్ప అనే రిటైరైన గుమాస్తా ఇల్లు కనబడింది. కింది గది, గాలీ వెలుతురూ ఉంది, గుమ్మం ముందే నల్లా. ఈసారి రాఘవేందర్ తెలివి తెచ్చుకున్నాడు. నేనొక్కణ్ణే సార్ అన్నాడు. పెద్దాయన తాళంచెవి చేతిలో పెట్టాడు.

గేటు దాకా పోయాక ఆ అబద్ధానికి మనసొప్పలేదు. వెనక్కి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

తిమ్మప్ప కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ధనిష్ఠ అని నాక్కూడ తెలుసు తమ్మీ. పానం మీదికొచ్చినోనికి నీడ ఇయ్యకుంటే ఈ గోడలెందుకు? పో, ఆటోల మెల్లగ తీసుకరా."

రాఘవేందర్ ఆయన కాళ్ళు మొక్కబోయాడు. పెద్దాయన కసిరాడు, టైం పోతుంది పొమ్మన్నాడు.

ఆటో దొరకడం, నారాయణగూడ చౌరస్తా దాటడం, అశోక్‌నగర్ సందు తిరగడం, అంతా అయ్యేసరికి ఆరున్నర దగ్గరపడింది. ధనిష్ఠ వచ్చి పది నిమిషాలైనందుకు బాలనాగమ్మ నాలుగు తిట్లు తిడుతుంది, తిట్టనీ అనుకున్నాడు.

గేటు బయట జనం ఉన్నారు. రోడ్డు వారన చాప, చాప మీద మొహం మీదికి తెల్లదుప్పటి కప్పిన మనిషి, తల దగ్గర దీపం. ఆటో ఆగకముందే రాఘవేందర్ కిందికి దూకాడు.

బాలనాగమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఎదురొచ్చింది. అవి దొంగ ఏడుపులేం కావు. "ఆరూ పదికి కండ్లు తేలేసిండు బిడ్డా. పిలిస్తె పలకలే. ముక్కుకాడ ఏలు వెట్టి నేనే చూసిన. పుణ్యాత్ముడు, ఇంకా పది నిమిషాలుండంగనే పోయి మా ఇల్లు నిలబెట్టిండు."

దండ తెప్పించామని ఒకరు, అంబర్‌పేట్ శ్మశానానికి బండి మాట్లాడామని ఇంకొకరు చెబుతున్నారు. నక్షత్రం తగలకుండా పోయాడు, అదృష్టవంతుడు అన్నారు ఎవరో. గది కడిగిన నీళ్ళు గేటు కింద నుంచి రోడ్డు మీదికి పారుతున్నాయి.

రాఘవేందర్ చాప పక్కన కూలబడ్డాడు. నేను ఇంకొంచెం ముందు వస్తే ఏం పోయేది నాయినా, ఆఖరుకు నోట్లో నీళ్ళు కూడా పోయలేకపోతిని అని ఏడుస్తూ, తాళంచెవి ఉన్న చేతితోనే తండ్రి ఛాతీని చుట్టుకుని తల ఆనించాడు.

దుప్పటి లోపలి నుంచి సన్నగా, దగ్గుతూ, కురుమయ్య అడిగాడు.

"రూము దొరికిందా బిడ్డా?"