ఇయర్‌ఫోను

"ఓనరు చెప్పినాడని విండోస్ తీసేసి లినక్స్ వేసినానక్కా. ఇంక వైరస్ బాధ లేదు," అన్నాడు నరేష్, వైర్లు చుట్టుకుంటా. సిస్టం మార్చను తిరువళ్ళూరు నుంచి వచ్చినాడు.

తిరుత్తణి లాడ్జిలో రూములు బుక్ చేసే సుగంధి ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకొని కీబోర్డు నొక్కింది.

"ఏమీ వినపడలేదే తంబీ."

"పని టైంలో పాటలెందుకక్కా!"

ఫోను మోగింది. "ఆడికృత్తికకి కావడి ఎత్తుకొని వస్తా ఉండాము. రూము ఉందామ్మా?"

ఎప్పుడూ అడిగీ అడగకముందే చెప్పే సుగంధి మళ్ళీ మళ్ళీ కీబోర్డు నొక్కింది.

"స్క్రీను మీదే ఉంది కదక్కా, చూసి చెప్పు," అన్నాడు నరేష్.

సుగంధి చెయ్యి చాచి స్క్రీనంతా తడిమింది.

"నాకు కండ్లు కనపడవు తంబీ. పాత సిస్టం స్క్రీను మీదుండేది చదివి చెప్తా ఉండె, నేను ఇయర్‌ఫోనులో వింటా ఉంటి."

ఫోనులో మళ్ళీ అడిగినారు. "హలో, ఉందా లేదామ్మా?"