పిట్ట బెదరకుండా

"ఆ కుక్కర్ ఆపు!" దుప్పట్లతో కట్టిన గుడారంలోంచి ఫొటోగ్రాఫర్ గుసగుసగా అరిచాడు. గుసగుసగా అరవడం అందరికీ వచ్చే విద్య కాదు. అతను వారం రోజుల్లో నేర్చేసుకున్నాడు.

అప్పటికే తేనెపిట్ట తుర్రుమంది. పెరట్లో బట్టలారేసే తీగకు వేలాడుతున్న గూట్లో రెండు పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఒకటే గోల.

వంటింటి కిటికీలో భార్య కనిపించింది. చంకలో ఏడాది కూతురు.

"బుజ్జిది పొద్దుట్నుంచీ ఏమీ ముట్టలేదండీ. మెత్తగా ఏదైనా పెడదామని..."

"గిన్నెలో ఉడికించు. చప్పుడు చెయ్యద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

పిట్టల విషయంలో మాత్రం అతన్ని వేలెత్తి చూపడానికి లేదు. ఫ్లాష్ వాడడు. గూటికి అడ్డొచ్చిన ఆకునైనా తుంచడు. గుడారం ఒక్కసారిగా దగ్గర వేస్తే తల్లి పిల్లల్ని వదిలేసి పోతుందని, రోజుకు రెండడుగుల చొప్పున ముందుకు జరుపుకుంటూ వచ్చాడు. ఆ వారమంతా ఇంట్లో తడిబట్టలు కుర్చీల మీదా తలుపుల మీదా ఆరాయి. ఇంత తపస్సూ ఒక్క ఫొటో కోసం. తల్లి ముక్కు, పిల్ల నోరు, మధ్యలో పురుగు. పోటీకి సాయంత్రం ఐదింటితో గడువు. పిల్లలకు రెక్కలొచ్చేశాయి, రేపటికి గూడు ఖాళీ.

బుజ్జిది సన్నగా ఏడుపు అందుకుంది.

"దాన్ని లోపలికి తీసుకెళ్ళు!"

"ఒళ్ళు కాలిపోతోంది. ఒక్కసారి వచ్చి చూడండి."

"పళ్ళొస్తున్నాయేమోలే. నేనిప్పుడు కదిలితే అది మళ్ళీ గంటకు గానీ రాదు."

"పోనీ డాక్టరు దగ్గరికి..."

"ఐదు కొట్టగానే వెళ్దాం. కిటికీ వేసెయ్యి. మెల్లిగా!"

కిటికీ మెల్లిగానే మూసుకుంది. స్టూడియోలో పరాయి పిల్లలు ఏడిస్తే గిలక్కాయ ఊపి, కోతి చేష్టలు చేసి నిమిషంలో నవ్వించేస్తాడని అతనికి పేరు. ఇక్కడ మాత్రం గోడ అవతలి ఏడుపుకి పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు.

మూడున్నర. కాలు తిమ్మిరెక్కింది. చెమట కళ్ళలోకి దిగుతోంది. పిట్ట వస్తుంది, గూటిదాకా వచ్చి, లోపల్నుంచి ఏడుపు వినగానే వెనక్కి తిరుగుతుంది. మగపిట్ట గోడ మీద కూర్చుని తీరిగ్గా ఈకలు సర్దుకుంటోంది. "నీకైనా సిగ్గుండక్కర్లా?" అని దాన్ని తిట్టుకున్నాడు.

జేబులో ఫోన్ గుర్రుమంది. భార్య మెసేజ్. 'నూట మూడు ఉంది.'

'అరగంట' అని కొట్టాడు.

మళ్ళీ గుర్రుమంది. తీగ మీద వాలిన పిట్ట తల తిప్పి గుడారం వైపే చూసింది. గుండె ఆగినంత పనైంది అతనికి. చూడకుండానే ఫోన్ ఆపేశాడు.

నాలుగయ్యేసరికి ఏడుపు ఆగింది. గిన్నె చప్పుడు లేదు, అడుగుల చప్పుడు లేదు. 'హమ్మయ్య, ఇన్నాళ్ళకి తెలిసొచ్చింది' అనుకున్నాడు. నిజంగానే పెళ్ళాం మీద ప్రేమ పొంగింది.

ఆ నిశ్శబ్దంలోకి పిట్ట నేరుగా వచ్చి గూటి అంచున వాలింది. ముక్కున ఆకుపచ్చటి పురుగు. పిల్ల నోరు తెరిచింది.

క్లిక్.

ఫొటో పెద్దది చేసి చూశాడు. పిట్ట కన్ను, పురుగు కాళ్ళు, పిల్ల గొంతులోని ఎరుపు, అన్నీ స్పష్టంగా పడ్డాయి. ఒక్కటే లోపం. గూటి వెనక, ఇంటి పక్క సందు చివర వీధి గేటు దగ్గర ఏదో ఎర్రటి మరక. సరిగ్గా ఆ క్షణానికే ఎవరో అడ్డొచ్చారు!

ఒళ్ళు మండిపోయింది. అయినా పిట్ట ఎగిరిపోయేదాకా ఆగి, వంగి వంగి గుడారంలోంచి బయటపడ్డాడు. మునివేళ్ళ మీద నడుచుకుంటూ ఇంట్లోకి వెళ్ళాడు.

"ఎవరే గేటు దగ్గర?" అలవాటుకొద్దీ గుసగుసగానే అడిగాడు.

వంటింట్లోకి తొంగి చూశాడు. స్టవ్ ఆర్పేసి ఉంది. ఉడికీ ఉడకని గిన్నె మీద మూత ఉంది. మంచం మీద థర్మామీటరు ఉంది. బుజ్జిది లేదు. దాని ఎర్ర దుప్పటీ లేదు.

చేతిలో ఉన్న కెమెరా వైపు చూశాడు. మళ్ళీ చూడడానికి ధైర్యం చాల్లేదు. ఫోన్ ఆన్ చేశాడు. మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి దిగాయి.

'వణికిపోతోంది. రండి.'

'కళ్ళు తెరవట్లేదు. ఏవండీ!'

'టాక్సీ వచ్చింది, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. హారన్ కొట్టొద్దని డ్రైవర్‌కి చెప్పాను, పిట్ట బెదురుతుందని.'