కనబడకుండా పోయిన కొండ

నగరంలో మనుషులంతా జబ్బుకు జడిసి తలుపులు వేసుకున్న రోజుల్లో, నాలుగు రోడ్ల కూడలిలో సిగ్నల్ దీపం వెనక గూట్లో ఒక గోరువంక పిల్ల పుట్టింది. కళ్లు తెరవగానే దానికి దూరంగా పచ్చటి కొండ కనిపించింది.

"రెక్కలు రానీ, అక్కడికే పోదాం. బళ్లు ఆగకముందు ఇక్కడి పొగకే మీ నాన్న దగ్గి దగ్గి పోయాడు," అంది తల్లి.

రెక్కలు వచ్చేసరికి తలుపులు తెరుచుకున్నాయి. బళ్లన్నీ ఒక్కసారిగా రోడ్డెక్కాయి. వారం తిరక్కుండానే ఆకాశం బూడిద రంగుకు తిరిగింది. పిల్ల ఎటు చూసినా కొండ లేదు.

"కాకి బాబాయ్, కొండేదీ?" అని తీగ మీది ముసలి కాకిని అడిగింది.

"ఉన్నచోటే ఉంది. పొగ కమ్మేసింది."

"పాపం, మనుషులు దాన్ని చూడలేదేమో. చూసుంటే ఇలా చేస్తారా?"

"చూడకేం! పిల్లాజెల్లాతో మేడలెక్కి మరీ చూశారు. ఎంత బాగుందో అని మురిసిపోయి ఫోటోలు తీసుకున్నారు."

"మరి ఇప్పుడు అక్కర్లేదా?"

కాకి కిందికి చూసింది. ఎర్ర దీపం వెలుగుతున్నా ఒక్కడూ ఇంజను ఆపలేదు. కార్ల అద్దాలన్నీ బిగించి ఉన్నాయి.

"ఎందుకక్కర్లేదు? ఫోన్లలో భద్రంగా దాచుకున్నారుగా," అంది.

వెనక గూట్లోంచి తల్లి దగ్గు వినిపించింది.