నలభయ్యో గీత

ఫాతిమాబీ పలక మీద నలభయ్యో గీత గీసింది. బాలింతరాలైన మనవరాలు ముబాషిరాకు చిల్లా నలభై రోజులూ ఆ పూటతో పూర్తి. తీసుకుపోవడానికి మొగుడు ఇమ్తియాజ్ దోర్నాల నుంచి వస్తున్నాడు.

బాలింతను చూడ్డానికి వచ్చిన నర్సమ్మతో ఆమె అంది: "దీనికి గాలి సోకింది నర్సమ్మా. మూడు తాయెత్తులు కట్టించినాను. బిడ్డను ఎత్తుకోదు, ఊరికే ఏడుస్తాది."

"ఎప్పుడు ఏడుస్తాది అవ్వా?"

"మొగుడు ఫోన్ చేసినాక."

"చేయని రోజు?"

"నేను పాట పాడితే నవ్వుతాది. నా గొంతు అట్లాంటిది!"

ఇంతలో వాకిట్లో బండి హారన్ మోగింది. ముబాషిరా గబుక్కున రెండు చేతులూ చెంపలకు అడ్డం పెట్టుకుంది.

ఫాతిమాబీ ఆ చేతులనే చూసింది. ఆ గాలి ఏ ఊరి నుంచి వీస్తోందో ఆమెకు అప్పుడు తెలిసింది.

"కొడతాడా?"

"కడుపుతో ఉన్నప్పటి నుంచి కొడతాడు నానీ."

"ఈ దిగులుకు మందు ఇప్పిస్తా. దెబ్బలు ఆగకపోతే మందేం చేస్తాది?" అంది నర్సమ్మ.

ఇమ్తియాజ్ గడప దగ్గరికొచ్చాడు. "నానీ, నలభై అయిపోయినాయి గదా, పంపియ్."

ఫాతిమాబీ పలక మీద తుపుక్కున ఉమ్మి, కొంగుతో బరబరా తుడిచేసింది.

"ఏవి నాయనా? మళ్లీ మొదటి నుంచి గీయాల. నువ్వు చెయ్యెత్తడం మానేదాకా నాకు లెక్క కుదరదు. బండి తిప్పుకో."

ముబాషిరా ఫక్కున నవ్వింది. నవ్వుతూనే బిడ్డను ఒళ్లోకి తీసుకుని, బలపం కోసం చెయ్యి చాచింది.

"మొదటి గీత నేను గీస్తా నానీ."