తలుపు పక్క మంచం

"సార్, చేలో పురుగుమందు కొడుతూ పడిపోయిన మనిషిని తెచ్చారు. నోట్లోంచి నురగ వస్తోంది. గేటు తియ్యమంటారా?"

వాచ్‌మన్ సుభానీ ఫోన్‌లో అడిగేసరికి అద్దంకి ఆస్పత్రి మేనేజరు శ్రీకృష్ణకి చెమటలు పట్టాయి. తనిఖీ బృందం అప్పుడే మెట్లెక్కి వస్తోంది. యాభై మంచాలూ, ఐసీయూ ఉండాలి, అవి నిండుగా ఉండాలి, లేకపోతే ప్రభుత్వ ఆరోగ్య పథకంలోంచి పేరు కొట్టేస్తామని కొత్త నిబంధన. మంచాలైతే కొన్నాడు. రోగుల్ని ఎక్కడ కొంటాడు? అందుకే మిరప చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళను పొద్దున్నే ఆటోల్లో తెప్పించి పడుకోబెట్టాడు. ఎక్కడికెళ్తున్నారో ఇంట్లో కూడా చెప్పొద్దన్నాడు. తనిఖీ మధ్యలో ఏ సినిమా పాటో మోగితే కొంప మునుగుతుందని వాళ్ళ సెల్‌ఫోన్లన్నీ ఆపించి బుట్టలో వేయించాడు.

పక్కనే ఉన్న నర్సు అఖిల అంతా వింది.

"ఐసీయూలో తలుపు పక్కనున్నామెను లేపుదాం సార్. ఆ మంచం ఇద్దాం."

"సంతోషకుమారినా? అందరిలోకీ ఆవిడే బాగా మూలుగుతోంది!"

"ప్రాణం సార్."

"తెలుసమ్మా. ఇప్పుడొకరు లేచి నడిచిపోతే మనందరి ఉద్యోగాలూ పోతాయి. ఒక్క గంట!"

ఆ గంట పేషెంటు చేతిలో ఉండదని ఆయనకీ తెలుసు. అద్దంకి చుట్టుపక్కల పత్తి చేల మధ్య పెరిగినవాడే. అయినా ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"మంచాలు ఖాళీ లేవు. ఒంగోలు తీసుకెళ్ళమను."

కింద ఎవరో ఏడుస్తూ బతిమాలడం, ఆటో తిరిగి స్టార్టవడం వినిపించాయి. ఈలోగా బృందం ఐసీయూలోకి వచ్చింది. వాళ్ళలో పెద్ద డాక్టరు తలుపు పక్క మంచం దగ్గర ఆగాడు.

"ఏమ్మా, ఏమైంది నీకు?"

సంతోషకుమారి ఆక్సిజన్ మాస్కు కాస్త జరిపింది. "చేలో మందు కొట్టేకాడికి పోయానండీ. వాసనకి కళ్ళు తిరిగి పడిపోయా. ఈ సార్ వాళ్ళే పేణం పోశారండీ!"

డాక్టరు సంతోషంగా తలూపాడు. పల్లెటూళ్ళకి ఇలాంటి ఆస్పత్రులే కావాలన్నాడు.

బృందం కారెక్కాక వార్డంతా నవ్వులు. శ్రీకృష్ణకి మాత్రం నవ్వు రాలేదు. ఆ ఆటో ఒంగోలు చేరిందో లేదో కనుక్కోవాలని గేటు దాకా వెళ్ళాడు. ఎవరి ఆటోనో సుభానీ కూడా చూసుకోలేదు.

వెనక్కొచ్చి బుట్టలో ఫోన్లు ఎవరివి వాళ్ళకి ఇచ్చాడు. సంతోషకుమారి ఫోన్ ఆన్ చేసిందో లేదో మోగింది. అలవాటుగా స్పీకర్ నొక్కింది.

"ఏందిరా కోటేషా, కూలికొస్తే పని చేసుకోనియ్యవా?"

"అమ్మా, ఎక్కడ చచ్చావే? ఇందాకట్నించీ ఫోన్ చేస్తన్నా! నాన్న మందు కొడతా పడిపోతే అద్దంకి తీసకపోయాం. మంచాలు నిండిపోయినయ్యంటా గేటు కూడా తియ్యలేదే. ఒంగోలు దారిలోనే పోయాడమ్మా!"